రెండు వరసల మాత్రలు

మందు ఇచ్చే ముందు పేరు అడగడం నా అలవాటు. పొద్దున్న అడిగిన మనిషినే మధ్యాహ్నం మళ్ళీ అడుగుతాను, సాయంత్రం మళ్ళీ అడుగుతాను. వార్డులో చాలామందికి ఇది చిరాకు. అప్పుడే మర్చిపోయావా, ముందు నీకే కావాలి మతిమరుపు మందు అని ఒక ముసలమ్మ నన్ను అందరి ముందూ కడిగేసింది. నీ పేరు నాకు గుర్తుందమ్మా, నీ మంచం నెంబరూ గుర్తుంది, కానీ నీ నోటితో నువ్వు చెప్తే తప్ప మాత్ర నీ చేతిలో పెట్టను అన్నాను. చెప్పి, మొహం గోడ వైపు తిప్పుకుంది. గాజువాకలో నేను పనిచేసే ఆసుపత్రిలో నాకు పేర్ల సిస్టరని పేరు పడిపోయింది. పడితే పడనీ. సరైన మందు, సరైన మోతాదు, సరైన వేళ అని చదువుకునే రోజుల్లో మాచేత వల్లె వేయించేవారు. వాటన్నిటికీ ముందు సరైన మనిషి.

ఇంటికి వెళ్ళేవాళ్ళకు మందులు వివరించే పని కొన్నేళ్ళుగా నాదే. నాకు ఓపిక ఎక్కువని కాదు, ఇంటికి పరిగెత్తాల్సిన తొందర లేనిదాన్నని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా అడగడం మానేసిన వయసు నాది. డ్యూటీ దిగాక ఇంకాసేపు వార్డులో ఉండిపోయినా ఎవరి అన్నమూ చల్లారిపోదు. ఈ సంగతి మా హెడ్ నర్సుకు బాగా తెలుసు, తెలిసే ఆ పని నా నెత్తిన పెట్టింది.

నేను అర్థమైందా అని అడగను. ఆ ప్రశ్నకు మా వైపు ఎవరైనా ఒకటే జవాబిస్తారు, అర్థమైపోయిందని. ఆసుపత్రివాళ్ళ ముందు అర్థం కాలేదని చెప్పడం అమర్యాద అనుకుంటారో, చెప్తే ఇంకో గంట కూర్చోబెడతానని భయపడతారో తెలీదు. అందుకని, నేను చెప్పింది తిరిగి నాకే ఒప్పజెప్పమంటాను, బళ్ళో ఎక్కం ఒప్పజెప్పినట్టు. ఆడవాళ్ళు నవ్వుకుంటూ ఒప్పజెప్పేస్తారు. తంటా అంతా మగవాళ్ళతోనే. మంచం మీద ఉన్నది భర్త, జబ్బు భర్తది, మాత్రలు మింగాల్సింది భర్త. నేను ఆయన్ని అడిగితే జవాబు పక్కనున్న భార్య నోట్లోంచి వస్తుంది. ఆయన ఫ్యాను వంక చూస్తుంటాడు. మిమ్మల్నే అడుగుతున్నానంటే, దానికి తెలుసులెండి అంటాడు. ఆవిడ లేని రోజున ఏం చేస్తావయ్యా అని నాలుక చివరిదాకా వస్తుంది. అశుభం పలికినట్టవుతుందని ఊరుకుంటాను.

అలా ఆవిడ లేకుండా పోయిన మనిషి ఒకాయన ఒక శనివారం సాయంత్రం మా దగ్గరికి వచ్చాడు. వచ్చాడంటే, ఆటోలో వేసుకొచ్చారు. మల్కాపురంలో ఉంటాడు, హార్బరులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. మేడమెట్ల మీద కూలబడిపోయి, చొక్కా తడిసిపోయేలా చెమటలు పట్టి, పిలిస్తే పలక్కుండా ఉంటే కింది వాటావాళ్ళు చూశారు. పరీక్ష చేస్తే రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉంది. గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచి, నాకేమైందని అడగలేదట, ఇంటికి తాళం వేశారా అని అడిగాడట.

మర్నాడు నేను డ్యూటీకి వచ్చేసరికి ఆయన వార్డులో ఉన్నాడు. డాక్టరుగారికి ఒకటే అంతుపట్టడం లేదు. ఈయనకు బీపీ ఉంది, షుగరు జబ్బు లేదు. షుగరు మందే వాడని మనిషికి షుగరు ఇంతగా ఎందుకు పడిపోయింది? మీరు కనుక్కోండి సిస్టర్ అని నాకు వదిలేసి వెళ్ళిపోయారు. కింది వాటా అమ్మాయిచేత ఇంట్లో ఉన్న మందులన్నీ తెప్పించాను. బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి వచ్చింది. పొద్దున్న పూట ఎలా వేసుకుంటారో అలాగే తీసి చూపించమని ఆయన ముందు పెట్టాను.

ఆయన దుప్పటి ముడతలు చేత్తో సాపు చేశాడు. అట్టల్లోంచి ఒక్కొక్క మాత్రా తీసి దాని మీద పేర్చాడు. ముందు తనకు దగ్గరగా ఒక వరస. తర్వాత నా వైపు ఇంకో వరస.

"ఈ వరస నాదమ్మా. ఈ వరస మాయావిడది."

ఆవిడెక్కడున్నారని అడిగాను. పోయిందన్నాడు, మూడు నెలలు కాలేదన్నాడు.

"మరి ఆవిడవి ఎవరు వేసుకుంటన్నారు బాబాయ్?"

"నానే."

నాకు కోపం వచ్చింది. అబద్ధమెందుకు, గట్టిగానే వచ్చింది. ఇలాంటివి వింటే ముందు కోపమే వస్తుంది నాకు, జాలి దాని వెనకాల నింపాదిగా వస్తుంది. ఎవరి మందులో మీరెందుకు మింగుతారు, ఆవిడకున్న షుగరు జబ్బు మీకుందా అని గొంతు పెంచాను. పక్క మంచాలవాళ్ళు ఇటు తిరిగారు. ఆయన నా వంక కాకుండా ఆ రెండో వరస వంక చూస్తూ, చాలా మామూలుగా చెప్పాడు.

"ఆవిడ డ్యూటీ ఎవులో ఒకలు సెయ్యాలి కదమ్మా. నాను తప్ప ఇంకెవులున్నారు?"

తర్వాత కూర్చుని అడిగితే అంతా చెప్పుకొచ్చాడు. పిల్లలు లేరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ షిఫ్టుకు వెళ్ళినా, కేరేజీ పై గిన్నెలో కాగితం పొట్లం కట్టి ఆయన మాత్రలు ఆవిడే పెట్టేది. అన్నం తినడం, పొట్లం విప్పి నోట్లో వేసుకోవడం, అంతవరకే ఆయన పని. మాత్ర అట్ట మీద ఏముందో ఎన్నడూ చూసింది లేదు. రిటైరయ్యాక పొట్లం పోయి అరచెయ్యి వచ్చింది. పొద్దున్నే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. ఆయనవి ఆయన చేతిలో పెట్టి, తనవి తను వేసుకుని, ఒకే గ్లాసులో నీళ్ళు ఇద్దరూ తాగేవారు. ఆవిడ పోయాక కొన్నాళ్ళు ఎలమంచిలిలో బావమరిది ఇంట్లో ఉన్నాడు. తిరిగొచ్చి డబ్బా తెరిచేసరికి అందులో ఇద్దరివీ ఉన్నాయి. తనవి మాత్రం తీసుకుని మూత పెట్టేయడానికి చెయ్యి రాలేదట. అవి అయిపోతే ఇద్దరి చీటీలూ షాపుకు పట్టుకెళ్ళాడు. షాపువాడు ఇద్దరివీ ఇచ్చాడు. ఆవిడ లేదన్న సంగతి వాడికి మాత్రం ఎవరు చెప్పారు గనక.

పొద్దున్న పూట ఒళ్ళు తూలేది, చేతులు వణికేవి. మనిషి పోయిన దిగులుకు అలాగే ఉంటుందనుకున్నాడు. ఇన్నాళ్ళూ టిఫినూ భోజనమూ తినబట్టి సరిపోయింది. శనివారం ఎందుకు పడిపోయాడో అప్పుడు అర్థమైంది. ఆవిడ శనివారాలు వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉండేది. చీకటి పడి దీపం పెట్టేదాకా ఏమీ తినేది కాదు. ఆవిడ మాత్రలు అందుకున్న మనిషి ఆవిడ ఒక్కపొద్దు కూడా ఆ వారమే అందుకున్నాడు. శనివారం పొద్దున్న షుగరు మాత్ర వేసుకుని, రోజల్లా మంచినీళ్ళు తాగి కూర్చున్నాడు. ఒక్కపొద్దు ఉన్న రోజు ఆవిడ ఆ మాత్ర మానేసేదన్న సంగతి ఆయనకు తెలీదు. తిండి లేని పూట ఆ మాత్ర వేసుకోకూడదని ఆవిడకు ఎవరో నాలాంటిది చెప్పే ఉంటుంది, ఆవిడ ఒప్పజెప్పే ఉంటుంది. అది ఈయనదాకా రాలేదు, ఈయన పక్కనే ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నా సరే.

సోమవారం ఎలమంచిలి నుంచి బావమరిది వచ్చాడు. బియ్యం వ్యాపారం చేసే పెద్దమనిషి, మాట కరుకు, మనసు మంచిది. వస్తూనే బావ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఏడుపయ్యాక తన నిర్ణయం చెప్పేశాడు. మల్కాపురం ఇల్లు ఖాళీ చేసేద్దాం, సామాను లారీలో వేయించేస్తాను, నువ్వు నాతో వచ్చేయాల్సిందే అని.

"ఒక్కడివీ ఉంటే సచ్చిపోతావు బావా. అక్క లాగ నిన్నూ మొయ్యమంటావేటి?"

బావమరిది టీ తాగడానికి బయటికి వెళ్ళాక పెద్దాయన నన్ను పిలిచి మెల్లగా చెప్పాడు. ఆ ఇల్లు చిన్నదే, కిటికీ మీద ఎంత తుడిచినా నల్లటి దుమ్ము పడుతూనే ఉంటుంది, అయినా ఆవిడ తిరిగిన ఇల్లు. బావమరిది ఇంట్లో అందరూ బాగానే చూస్తారు, కానీ అక్కడ తను చుట్టం. బతికున్నన్నాళ్ళూ చుట్టంలా ఉండలేనన్నాడు. డాక్టరుగారిని అడిగితే ఆయన తేల్చేశారు, తన మందులు తను సరిగ్గా వేసుకోగలడని సిస్టరు చెప్తే ఇంటికి పంపుదాం, లేకపోతే ఎలమంచిలి వెళ్ళడమే మంచిది అని. ఒక మనిషి ఎక్కడ బతకాలన్నది నా మాట మీద పెట్టి ఆయన రౌండ్సుకు వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. వద్దనే ధైర్యం మాత్రం లేకపోయింది.

ఆ పూటే మొదలుపెట్టాను. ఆయనవి రెండే మందులు, పొద్దున్న ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి. మొదటిసారి గడగడా చెప్పేశాడు, పొద్దున్న తెల్లది, రాత్రి గులాబీది. నేను మా స్టోరులోంచి అదే పొద్దుటి మందు వేరే కంపెనీది తెచ్చి చూపించాను. అది పసుపు. ఇది నాది కాదన్నాడు. అదీ మీదే అంటే తెల్లబోయాడు. రంగుల మీద నడిచే మనిషికి షాపువాడు కంపెనీ మార్చిన రోజున ఏం గతి? తెల్లదీ వేసుకుంటాడు, పసుపుదీ వేసుకుంటాడు. పేరు చదవమంటే చదువు అంతగా రాదన్నాడు. నాకూ నీరసం వచ్చేసింది. బావమరిది తలుపు దగ్గర నిలబడి, చూశారా అన్నట్టు నా వంక చూశాడు.

మర్నాడు పొద్దున్న ఇంజెక్షన్ల ట్రే పట్టుకుని తిరుగుతూ ఉండగా ఒక ఆలోచన వచ్చింది. వెళ్ళి అడిగాను, ఓడ మీంచి కంటైనరు దింపేటప్పుడు రంగు చూసి దింపేవారా బాబాయ్ అని. ఆయన నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు.

"రంగుదేటుందమ్మా, ఒకే రంగువి వందుంటాయి. నెంబరు సూసి దించుతాం."

ఆ నెంబర్ల ముందు ఇంగ్లీషు అక్షరాలుంటాయి కదా, అవెలా చదివేవారని అడిగాను. అవి చదువు కాదు, డ్యూటీ అన్నాడు. అట్ట తిప్పి చేతిలో పెట్టాను. ఇదీ డ్యూటీయే, ముందు అక్షరాలు చూడండి, తర్వాత పక్కనున్న మోతాదు అంకె చూడండి, రెండూ మీ చీటీతో కలిస్తేనే దించండి అన్నాను. కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని చూశాడు. తెల్ల అట్టా, పసుపు అట్టా పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూశాడు. "రెండూ ఒకటేనే," అన్నాడు తనలో తను. ఆ ఒక్క క్షణం ఆయన ముఖంలో పాత ఉద్యోగం కనిపించింది. నాకు సంతోషమేసింది, చాలా రోజులకు.

అట్ట కొస కత్తిరించి అమ్మితే కొనొద్దనీ, పేరు ఉన్న కొస ఆఖరి మాత్రదాకా పారేయొద్దనీ, ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దనీ చెప్పాను. అన్నీ ఒప్పజెప్పాడు. పక్క మంచం ఆయన భార్య కూడా విని విని తనూ ఒప్పజెప్పేసింది. ఇక ఒక్కటే మిగిలింది. డబ్బా ముందు పెట్టి, పొద్దుటి మాత్రలు తీయమన్నాను. తనది తీశాడు, చదివాడు, దుప్పటి మీద పెట్టాడు. ఆ వెంటనే చెయ్యి మళ్ళీ డబ్బాలోకి వెళ్ళింది. ఆవిడ అట్ట పట్టుకుంది. పట్టుకున్నాక ఆయనకూ తెలిసింది. చెయ్యి అలాగే ఆగిపోయింది.

మా అమ్మ పోయాక ఏడాదిపాటు నేను ఇద్దరికి బియ్యం కడిగిన సంగతి గుర్తొచ్చింది. మిగిలిన అన్నం ఏ కుక్కకో పెట్టేదాన్ని. అన్నం కాబట్టి సరిపోయింది, మాత్ర అయితే సరిపోదు. అదొక్కటే మా ఇద్దరికీ తేడా.

ఆయన ఆ అట్ట వదలకుండానే అడిగాడు, శనివారం ఒక్కపొద్దు కూడా మానేయాలా అని. డాక్టరుగారిని అడిగొచ్చాను. షుగరు మాత్ర లేకపోతే ఉండొచ్చు, నీళ్ళు బాగా తాగాలి, పాలో పండో తీసుకోవాలి అన్నారు.

"ఒక్కపొద్దు ఆవిడ కోసం ఉండండి బాబాయ్. మాత్రలు మాత్రం ఎవరివి వాళ్ళవే."

ఆయన ఆవిడ అట్టలన్నీ ఏరి నా చేతిలో పెట్టాడు. చొక్కా జేబులోంచి ఆవిడ మందుల చీటీ కూడా తీసి ఇచ్చాడు. అది ఉంటే మళ్ళీ షాపుకు పట్టుకెళ్తానని ఆయనే చెప్పాడు. నేను అడగలేదు. అడగాల్సింది నేనే, ఆయన నాకా పని తప్పించాడు.

బావమరిది ఒప్పుకోలేదు. ఇక్కడ మీరున్నారు కాబట్టి చేశాడు, ఇంటి దగ్గర ఎవరు చూస్తారు అన్నాడు. న్యాయమైన మాటే. పేషెంటుకు నా ఫోను నెంబరు ఇవ్వకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. ఆ నియమం పక్కన పెట్టి, నెల్లాళ్ళపాటు రోజూ రాత్రి మాత్ర వేసుకున్నాక ఆయన నాకు ఫోన్ చేసి చెప్పాలి, ఒక్కరోజు తప్పినా మీకు కబురు చేస్తాను, అప్పుడు లారీ తెచ్చుకోండి అన్నాను. బావమరిది సరేనన్నాడు. వెళ్ళేటప్పుడు నాకు దండం పెట్టాడు, అది నాకు నచ్చలేదు.

ఆయన ఇంటికి చేరిన రాత్రే ఫోన్ వచ్చింది. అప్పుడే అన్నం తిని గిన్నెలు కడుగుతున్నాను. ఏసుకున్నానమ్మా అన్నాడు. ఏది వేసుకున్నారన్నాను. అక్షరాలూ అంకెలూ చదివాడు, పొద్దుటిది కూడా చదివాడు. సరే అన్నాను, పెట్టేశాడు. అంతే. వారం రోజులు ఇంతకుమించి మాటల్లేవు. తర్వాత ఒకరోజు, మీరు తిన్నారా అని అడిగాడు. ఇంకోరోజు గిన్నెల చప్పుడు విని, మీ ఇంట్లో ఎవులూ మాటాడరేటమ్మా, ఒక్క గిన్నెలే వినిపిస్తన్నాయి అన్నాడు. ఎవరూ లేరని చెప్పాను. ఆ మాట నేను పైకి అనడం చాలా ఏళ్ళకు అదే. అటు నుంచి జాలిపడే చప్పుళ్ళేమీ రాలేదు. మీరూ ఏమైనా మందు వాడతారా అని అడిగాడు. నాకూ బీపీయే, రాత్రి ఒక మాత్ర అన్నాను. ఏసుకున్నారా అన్నాడు. లేదన్నాను, నిజంగానే వేసుకోలేదు. చాలా రాత్రులు వేసుకోను. ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పొచ్చి, నా మటుకు నాకు బద్ధకం.

"ఏసీసుకొని సెప్పండి. నాను ఉంటాను."

ఫోన్ బల్ల మీద పెట్టి, మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, వేసుకున్నానని చెప్పాను. ఏది వేసుకున్నారో చదవండి అన్నాడు. నవ్వొచ్చింది. అట్ట తిప్పి చదివాను. ఆ రోజు నుంచి అదే పద్ధతి, ముందు ఆయన, తర్వాత నేను. రోజంతా వార్డులో వందమందితో మాట్లాడతాను నేను. కానీ నన్ను గురించి ఒకరు అడిగి, జవాబు వినేదాకా ఆగడం ఆ కాసేపే. మధ్యాహ్నం నుంచే దానికోసం చూడటం మొదలుపెట్టానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. డ్యూటీ అయ్యాక వార్డులో ఊరికే ఉండిపోవడం మానేశాను. ఏమిటీ ఇంత తొందర అని హెడ్ నర్సు వింతగా చూసింది.

నెల గడిచింది. ఆయన షేర్ ఆటో ఎక్కి ఒక్కడే చెకప్‌కు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తన మందుల సంచి. బీపీ బాగుంది, షుగరు మామూలుగా ఉంది, శనివారాలు ఒక్కపొద్దు ఉంటున్నాడు, తూలడాలు లేవు. డాక్టరుగారు నన్ను మెచ్చుకున్నారు. బావమరిదికి ఫోన్ కలిపి, లారీ అక్కర్లేదని పెద్దాయన ఎదుటే చెప్పాను. పండగలకైనా రమ్మను అన్నాడు బావమరిది అటు నుంచి. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇక తన ఇంట్లో తను ఉండొచ్చు.

వెళ్ళబోతూ నా దగ్గర ఆగాడు. సంచి తెరిచి, అడక్కుండానే ఆఖరిసారి అన్నీ ఒప్పజెప్పాడు. ఒక్క తప్పు లేదు.

"అన్నీ వచ్చీసినట్టే కదమ్మా. ఇంక రోజూ ఫోన్ సేసి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. మీకు పన్లుంటాయి."

నాకు ఆ వేళప్పుడు ఏ పనీ ఉండదని చెప్పాలి. ఇబ్బంది కాదు, చెయ్యండి బాబాయ్ అనాలి. చిన్న మాట. ఎలాంటి సందేహమున్నా మొహమాటపడకుండా అడగమని రోజుకు ఎంతమందికి చెప్తాను నేను. మంచిది, జాగ్రత్తగా ఉండండి అన్నాను. ఆయన తలూపి, సంచి భుజానికి వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అన్నీ వచ్చేసిన మనిషిని ఏమని ఆపను?

ఆ రాత్రి అన్నం తిని, గిన్నెలు కడిగి, మాత్ర వేసుకున్నాను. వేసుకున్నానని చెప్పడానికి ఎవరూ లేరు.